“ఇదేంది?” అని అడిగే పుస్తకం

మన గుంటూరు, పల్నాడు, బాపట్ల పల్లెల్లో లూథరన్ గుడికి పోయే పిల్లలకి ఓ చిన్న పుస్తకం తెలుసు. కన్ఫర్మేషన్ అప్పుడు బట్టీ పట్టిస్తారు. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం, పరలోక ప్రార్థన, బాప్తిస్మం, ప్రభురాత్రి భోజనం... ఒక్కోదాని కింద ఓ ప్రశ్న, దాని కింద జవాబు. కాటకిజం అంటారు దాన్ని. అయ్యగారికి అప్పజెప్పి, తెల్లబట్టలేసుకుని ఫోటో దిగాక ఆ పుస్తకం పెట్టెలోకి పోద్ది. మళ్లీ బయటికి రాదు.

అసలు సంగతేందంటే, దాన్ని రాసింది అప్పజెప్పించుకోటానికి కాదు.

మార్టిన్ లూథర్ 1483లో జర్మనీలో, గనుల పని చేసే ఇంట్లో పుట్టాడు. సన్యాసి అయ్యాడు, విటెన్‌బర్గ్‌లో బైబిలు పాఠం చెప్పే పంతులయ్యాడు. 1517లో పాప క్షమాపణ పత్రాల అమ్మకాన్ని ప్రశ్నిస్తా 95 వాక్యాలు రాశాడు. ఇంతవరకూ రిఫర్మేషన్ ఆదివారం నాడు ప్రతి గుళ్లోనూ చెప్తారు. తర్వాత పదకొండేళ్లకి జరిగింది మాత్రం పెద్దగా చెప్పరు. 1528లో ఆయనా, ఆయన తోటివాళ్లూ గుళ్లు ఎట్టా ఉన్నాయో చూద్దామని సాక్సనీ పల్లెలు తిరిగారు. చూసి నోట మాట రాలేదు. జనానికి పరలోక ప్రార్థన రాదు. కొన్నిచోట్ల బోధించే అయ్యగారికే సరిగ్గా రాదు. అంత గొడవ చేసి పోపుని ఎదిరించారు గానీ, పల్లెలో మనిషికి చేరింది ఏమీ లేదన్నమాట.

ఆ మంటతో రాసిందే 1529 నాటి చిన్న కాటకిజం. మొదట పుస్తకంగా కూడా రాలేదు, గోడకి తగిలించే పెద్ద కాయితాలుగా అచ్చేశారు. మనం ఇంట్లో క్యాలెండర్ తగిలించినట్టు. ఇంటి పెద్ద తన ఇంట్లోవాళ్లకి ఎట్టా చెప్పుకోవాలా అన్నది దాని పద్ధతి. అంటే ఈ పాఠానికి గుడి కంటే ముందు వంటిల్లు బడి. అందులో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న జర్మన్‌లో “వాస్ ఇస్ట్ దాస్?” అచ్చంగా మన నోట్లో మాట: “ఇదేంది?” చిన్నపిల్ల కొత్త వస్తువు కనపడగానే అమ్మ కొంగు లాగి అడుగుద్దే, అదే ప్రశ్న. మన దాకా వచ్చేసరికి అది పరీక్ష పెట్టే పంతులుగారి ప్రశ్న అయిపోయింది.

జవాబులు చూడండి, అప్పుడు తెలుస్తది ఎంత పోగొట్టుకున్నామో.

“దొంగిలకూడదు” అనే ఆజ్ఞ లూథరన్ల లెక్కలో ఏడోది. (ఒంగోలు వైపు బాప్టిస్టు పిల్లల్ని అడిగితే ఎనిమిదోదంటారు. లెక్కపెట్టే పద్ధతి వేరు, కొట్టుకోవద్దు.) ఇదేంది అని అడిగితే లూథర్ చెప్పేది ఇంట్లో జొరబడే దొంగ గురించి ఒక్కటే కాదు. కల్తీ సరుకు అమ్మినా, మోసపు బేరం చేసినా దొంగతనమే అంటాడు. అక్కడితో ఆగడు. పక్కవాడి ఆస్తినీ, వాడి బతుకుతెరువునీ కాపాడటానికి నువ్వు చెయ్యి వెయ్యాలంటాడు. అదే ఏడాది రాసిన పెద్ద కాటకిజంలో ఇంకా గట్టిగా పట్టుకుంటాడు: చిల్లర దొంగలకి ఉరి పడుద్ది, కుర్చీల్లో కూర్చున్న పెద్ద దొంగలు మాత్రం దొరల్లాగా మర్యాదగా తిరుగుతుంటారని. ఇప్పుడు నకిలీ మిరప విత్తనాలు అంటగట్టినోణ్ణి, ధాన్యం బస్తాకి ఇంతని తరుగు కోసేవాణ్ణి, ఆడకూలీకి మగకూలీ కంటే తక్కువిచ్చే ఆసామిని తలుచుకోండి. ఆ ఆసామి మన గుళ్లో ముందు వరసలో కూర్చుంటాడేమో కూడా చూసుకోండి.

పరలోక ప్రార్థనలో “అనుదినాహారం” దగ్గరికి రండి. ఆహారం అంటే అన్నం ముద్ద ఒక్కటేనని మనోళ్ల లెక్క. లూథర్ లెక్కలో తిండితో పాటు బట్టలు, చెప్పులు, ఇల్లు, పొలం, గొడ్డూ గోదా, సక్రమమైన పాలన, అదునులో వాన, ఆరోగ్యం, మంచి ఇరుగుపొరుగు కూడా అందులోకే వస్తాయి. కౌలు రైతు అదును తప్పిన వాన గురించి మొర పెట్టుకున్నా, కాలనీలో తాగునీళ్ల కోసం ఎమ్మార్వో ఆఫీసుకి అర్జీ పట్టుకెళ్లినా ఆ ప్రార్థనలో భాగమే. “గుళ్లో రాజకీయాలు మాట్లాడొద్దు” అనే పెద్దలకి ఈ పేజీ తీసి చూపియ్యండి.

భాష సంగతీ చెప్పాలి. లూథర్ 1522లో కొత్త నిబంధనని జర్మన్‌లో తెచ్చాడు, 1534కి మొత్తం బైబిలు. అంతకుముందు జర్మన్ బైబిళ్లు లేవని కాదు, ఉన్నాయి, లాటిన్ వాసన కొడతా బిగుసుకుపోయి ఉండేవి. ఈయన మాత్రం ఇంట్లో అమ్మ ఎట్టా మాట్లాడుద్దో, సంతలో మనిషి ఎట్టా అంటాడో చెవిపెట్టి విని రాయాలన్నాడు. మద్రాసులో పనిచేసి వెనక్కి పోయిన బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ మిషనరీ ఈ చిన్న కాటకిజాన్నే తెలుగు చేసి 1746లో జర్మనీలోని హాలెలో అచ్చేయించాడు. తెలుగులో అచ్చు మొహం చూసిన తొలి పుస్తకాల్లో అదొకటి. దాదాపు వందేళ్ల తర్వాత, 1842లో, ఫాదర్ హయ్యర్ గుంటూరులో దిగాడు. ఆ తర్వాత మాల మాదిగ పల్లెల్లో గుడీ బడీ ఒకే కప్పు కింద నడిచాయి. అక్షరం ముట్టుకోనియ్యని ఊళ్లో బైబిలు చదవటమే పెద్ద తిరుగుబాటు. మన తాతలకి ఆ రుచి తెలుసు.

మరి ఇప్పుడు? చాలాచోట్ల నాలుగైదు పల్లెలకి కలిపి ఒకే అయ్యగారు. ఆయన రాని ఆదివారం గుడి చప్పగా ఉంటది. కుర్రాళ్లు ఫోన్‌లో ప్రసంగాలు వింటన్నారు. నూనె సీసా, చేతిగుడ్డ, కానుక పంపితే అప్పు తీరుద్ది, వీసా వస్తది! 1517లో చీటీ అమ్మినోడికీ వీళ్లకీ తేడా ఏందో నాకైతే కనపళ్లేదు. దేవుడు గొప్పలోనే, గెలుపులోనే కనపడతాడనే బోధని లూథర్ 1518లోనే పక్కకి నెట్టాడు. దేవుణ్ణి చూడాలంటే సిలువ దగ్గర, దెబ్బలు తిన్నవాడి దగ్గర చూడమన్నాడు. ఆస్పత్రిలో బిడ్డని పోగొట్టుకున్న తల్లికి “నీకు విశ్వాసం చాల్లేదు” అనే బోధకుడు లూథరన్ గుళ్లో నిలబడకూడదు, నా మాటగా చెప్తన్నా.

బాప్తిస్మం పొందిన ప్రతివాళ్లూ యాజకులే అని 1520లో రాశాడు లూథర్. అయ్యగారికి ఉన్నది వేరే పని, వేరే పుట్టుక కాదు. కాబట్టి బైబిలు స్టడీకి అయ్యగారు వచ్చేదాకా ఆగక్కర్లా. నలుగురు కూర్చోండి. ఓ పది వచనాలు బయటికి చదవండి. చదువురాని పెద్దమ్మకి ఎవరో ఒకరు దాన్నే మన యాసలో తిరిగి చెప్పండి, అక్కడే సగం అర్థం బయటపడుద్ది. తర్వాత రెండు విషయాలు విడదీయండి: ఇందులో నన్ను నిలదీసే మాట ఏది, నాకు ఊరికే ఇచ్చే మాట ఏది. మొదటిదాన్ని ధర్మశాస్త్రం అంటారు, రెండోదాన్ని సువార్త. రెంటినీ కలగలిపితేనే “ఇంత కానుకేస్తే అంత దీవెన” అనే బేరం పుట్టుద్ది. ఆడపిల్లల్ని ప్రార్థన చెయ్యటానికే కాకుండా అర్థం చెప్పటానికి కూడా పిలవండి.

ఇంకో మాట. ఈ ప్రశ్న లూథర్‌ని కూడా వదలకూడదు. 1525లో జర్మనీ రైతులు తిరగబడ్డారు. మా బోధకుణ్ణి మేమే ఎన్నుకుంటాం, క్రీస్తు విడిపించిన మమ్మల్ని బానిసల్లాగా చూడొద్దని పన్నెండు కోర్కెలు రాసుకున్నారు. లూథర్ మొదట దొరలదీ తప్పేనన్నాడు, ఆనక రైతుల్ని నరికెయ్యమని రాశాడు. వేలకు వేల మంది చచ్చారు. 1543లో యూదుల మీద కక్కిన విషం మరీ ఘోరం. రిఫర్మేషన్ ఆదివారం ప్రసంగంలో ఇవి రావు. ఇదేంది అని అడిగే హక్కు మీకుంది, ఆయనే నేర్పాడు.

అడగటం మొదలుపెట్టాక ఊళ్లో గుడి దాకా కూడా వస్తది. కోత పండగ వేలంలో గుమ్మడికాయకి, కోడిపుంజుకి ఎంతొచ్చింది, ఎంత ఖర్చయింది, లెక్కల పుస్తకం ఎవరింట్లో ఉంది?