చేతి స్పర్శ పోయినా చేతి పని పోకూడదు
తోలు పని చేసే సోదరులకు, వారి కుటుంబాలకు కొన్ని ఆచరణాత్మక సూచనలు

మదీనా దగ్గర నుండి గుల్జార్ హౌజ్ వైపు నడిస్తే దారికి రెండు వైపులా రాతి కమానులతో వరుసగా నిలిచి ఉండే బజారే పత్తర్‌గట్టి. 1908 మూసీ వరదల తరువాత నగరాన్ని తిరిగి తీర్చిదిద్దేందుకు 1912లో ఏర్పడిన నగర అభివృద్ధి బోర్డు కాలంలో ఈ రాతి కట్టడాలు లేచాయి. పెళ్లి బట్టలు, ముత్యాలు, అత్తరులు, జరీ పని చేసిన చెప్పులు కొనడానికి జనం ఇక్కడికి వస్తారు. అందమైన ఆ చెప్పుల వెనుక ఎక్కడో ఒక ఇరుకు గదిలో నేల మీద కూర్చుని తోలు కోసేవారు, కుట్టేవారు, సోలు అంటించేవారు ఉంటారు. బజారు మూలన గొడుగు కింద కూర్చుని తెగిన పట్టీలు కుట్టేవారూ ఉంటారు. ఈ నెల మేము వారిని ఉద్దేశించి రాస్తున్నాము.

తోలు పని పూర్తిగా చేతి మీద ఆధారపడిన పని. చేతికి స్పర్శ తగ్గినా, వేళ్లు ముడుచుకుపోయినా, పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినా, ఇంట్లో వారి నోట వచ్చే మొదటి మాట "ఇక పని మానెయ్" అనేదే. డాక్టరు కూడా అదే చెబితే ఆ ఇంటికి రాబడి ఆగిపోతుంది. రాబడి ఆగిన మనిషి మందులు కూడా మానేస్తాడు. కాబట్టి ఏ పని ఎలా మార్చుకుంటే గాయం కాకుండా కొనసాగించవచ్చో చూడాలి. పని మానడం గురించి ఆలోచించవలసింది దాని తరువాతనే.

వేళ్లు ఎందుకు పోతాయి?

కుష్ఠువ్యాధి వేళ్లను తినివేస్తుందని చాలామంది నమ్ముతారు. ఇది నిజం కాదు. ఈ వ్యాధి క్రిమి నరాలను దెబ్బతీస్తుంది. నరం దెబ్బతిన్నచోట నొప్పి తెలియదు. నొప్పి తెలియని మనిషి వేడి గ్లాసును పట్టుకునే ఉంటాడు, మేకు గుచ్చుకున్న కాలితోనే నడుస్తాడు. గాయం పుండు అవుతుంది, పుండు ఎముక వరకు పోతుంది, చివరకు వేలు కురచవుతుంది.

ఈ సంగతిని లోకానికి స్పష్టంగా చూపినవారిలో ముఖ్యుడు వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో పనిచేసిన డాక్టర్ పాల్ బ్రాండ్ (1914-2003). 1950లలో ఆయన అక్కడ రోగులకు వడ్రంగం వంటి పనులు నేర్పించే చిన్న కేంద్రాన్ని నడిపారు. ఆ పనివారి చేతుల మీద కొత్తగా కనబడిన ప్రతి గాయానికీ కారణం వెదికారు. దాదాపు ప్రతిసారీ ఒక కారణం దొరికేది: సుత్తి పిడిలోని చీలిక, వేడి పాత్ర, గట్టిగా తిప్పిన తాళం చెవి. కారణం తెలిస్తే దాన్ని తప్పించవచ్చు. తోలు పనికి కూడా ఇదే సూత్రం.

మన ప్రాంతంలో కూడా ఈ సేవకు పాత చరిత్ర ఉంది. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్ దంపతులు 1915లో కుష్ఠు ఆసుపత్రిని ప్రారంభించారు. హైదరాబాదు కూకట్‌పల్లిలో శివానంద పునరావాస కేంద్రం 1958 నుండి ఉంది. నేడు ఈ వ్యాధికి ఎం.డి.టి. మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా దొరుకుతాయి. ఆరు నెలలో, పన్నెండు నెలలో క్రమంగా వాడితే వ్యాధి నయమవుతుంది. అయితే అప్పటికే చచ్చుబడిన నరం అన్నివేళలా తిరిగి రాదు. వ్యాధి పోయిన తరువాత కూడా చేతిని, పాదాన్ని జీవితాంతం కాపాడుకోవాలి. మధుమేహం (షుగర్) వల్ల స్పర్శ పోయినవారికి కూడా ఈ మాట వర్తిస్తుంది.

పనిముట్లను ఎలా మార్చుకోవాలి?

తోలు కోసే కత్తి: సన్నని పిడిని స్పర్శ లేని చెయ్యి అవసరానికి మించి గట్టిగా పట్టుకుంటుంది. అరచేతిలో ఒకేచోట ఒత్తిడి పడి బొబ్బ లేస్తుంది. పిడి చుట్టూ మెత్తటి రబ్బరు షీటును గాని, పాత సైకిలు ట్యూబును గాని పొరలుగా చుట్టి లావు చేయండి. వేళ్లు ముడుచుకుపోయినవారికి చేతి ఆకారానికి తగినట్టు అచ్చు పోసిన పిడి మరీ మంచిది. కత్తి ఎప్పుడూ పదునుగా ఉండాలి. మొద్దు కత్తికి ఎక్కువ బలం కావాలి, బలం ఎక్కువైనప్పుడే కత్తి జారుతుంది.

ఆరె: తోలు కింద పెట్టిన చేతిలో ఆరె దిగడం ఈ పనిలో తరచు జరిగే ప్రమాదం. తోలును ఎప్పుడూ చేతిలో పట్టుకుని పొడవకండి. చెక్క దిమ్మ మీద పరచి, ముందే గీత గీసుకుని, పంచ్‌తో సుత్తి దెబ్బ వేసి రంధ్రాలన్నీ ఒకేసారి చేసుకోండి. తరువాత సూది దానంతటదే దూరుతుంది, తోయవలసిన పని ఉండదు. పంచ్‌ను నిలబెట్టడానికి రంధ్రం చేసిన ఒక చెక్క ముక్కను వాడితే వేళ్లు సుత్తికి దూరంగా ఉంటాయి.

దారం: మైనం పూసిన దారాన్ని బిగించి లాగితే అది వేలిని కోస్తుంది. నొప్పి తెలిసినవాడు ఆగుతాడు, తెలియనివాడు సాయంత్రం వరకు లాగుతూనే ఉంటాడు. అరచేతికి వెడల్పాటి తోలు పట్టీ కట్టుకోండి. దారాన్ని వేలికి చుట్టకుండా ఒక చిన్న కర్ర ముక్కకు చుట్టి లాగండి.

మేకులు, సుత్తి: మేకును వేళ్లతో పట్టుకోవద్దు. పట్టుకారుతో గాని, గాటు పెట్టిన అట్టముక్కతో గాని నిలబెట్టండి.

సొల్యూషన్: దీని గురించి ప్రత్యేకంగా చెప్పాలి. చెప్పులు అంటించే కొన్ని సొల్యూషన్లలో హెక్సేన్ అనే ద్రావకం ఉంటుంది. దాని ఆవిరిని గాలి ఆడని గదిలో నెలల తరబడి పీలిస్తే కాళ్లు చేతుల నరాలు దెబ్బతింటాయి. 1960లలో జపాన్‌లో ఇళ్లలో చెప్పులు తయారుచేసేవారిలో చాలామందికి ఇలాగే తిమ్మిర్లు, కాళ్ల బలహీనత వచ్చాయి. కుష్ఠు వల్లనో షుగర్ వల్లనో నరాలు ఇప్పటికే దెబ్బతిన్న మనిషికి ఇది రెండవ దెబ్బ. కిటికీ దగ్గర గాని, వరండాలో గాని అంటించండి. వేలితో పూయకండి, పొడవాటి పిడి ఉన్న బ్రష్ వాడండి. డబ్బా మూత వెంటనే పెట్టండి. ఆ గదిలో పిల్లలను పడుకోబెట్టవద్దు.

కూర్చునే తీరు

మన పనివారు బాసిపట్లు వేసి నేల మీద కూర్చుంటారు. కాలి వేళ్ల కింద సోలును నొక్కిపట్టి కోస్తారు. పాదంలో స్పర్శ ఉన్నవారికి ఇందులో ఇబ్బంది లేదు. స్పర్శ లేనివారికి బయటి చీలమండ ఎముక గంటల తరబడి నేలకు ఒత్తుకుని పుండు పడుతుంది. కత్తి జారితే పాదం తెగుతుంది, ఆ సంగతి రక్తం చూసేవరకు తెలియదు. అలాంటివారు చిన్న స్టూలు మీద కూర్చుని, తగిన ఎత్తు బల్ల మీద పని చేయాలి. స్టూలుకు చోటు లేకపోతే కనీసం చీలమండ కింద మందపాటి స్పాంజి వేసుకుని, అరగంటకొకసారి లేచి కాలు మార్చాలి.

నడుము నుండి కింది భాగం చచ్చుబడినవారు మెత్తటి దిండు మీద కూర్చోవాలి. పదిహేను ఇరవై నిమిషాలకొకసారి రెండు చేతులూ ఆనించి పిరుదులను పైకి లేపాలి. లేకపోతే కూర్చున్నచోట పుండు పడుతుంది.

ఒక చేత్తో, ఒక కాలితో పని

పోలియో వల్ల కాలు బలహీనపడినవారు కాలితో తొక్కే కుట్టు మిషనుకు బదులు చేతితో తిప్పే చక్రం ఉన్నది వాడవచ్చు. మోటారు మిషను అయితే పెడల్‌ను మోకాలితోనో మోచేతితోనో నొక్కేలా మెకానిక్‌తో అమర్చించుకోవచ్చు. చేతులు బలహీనంగా ఉండి కాళ్లు బాగున్నవారికి తొక్కుడు మిషను మేలు.

పక్షవాతంతో ఒక చెయ్యి పడిపోయినవారికి మూడు మార్పులు చాలు. ఒకటి, తోలును పట్టుకునే పనిని చెయ్యికి బదులు పనిముట్టుకు అప్పగించాలి. బల్ల అంచుకు బిగించిన చెక్క పట్టు, బరువైన రాతి పలక ఈ పని చేస్తాయి. రెండు, కోసేటప్పుడు ఇనుప స్కేలును రెండు చివర్లా బిగించి ఉంచాలి. మూడు, రెండు సూదుల కుట్టుకు బదులు ఒకే సూదితో కుట్టాలి. ముందు ఒక రంధ్రం పైనుండి, తరువాతది కిందినుండి చివరిదాకా వెళ్లి, అదే రంధ్రాలలో వెనక్కి వస్తే మధ్యలో వదిలిన ఖాళీలు నిండుతాయి. సమయం ఎక్కువ పడుతుంది గాని కుట్టు గట్టిగానే ఉంటుంది.

మీరే చేయగల మంచి చెప్పు

స్పర్శ లేని పాదానికి మందు కన్నా ముందు కావలసింది మంచి చెప్పు. దాన్ని తయారుచేసేవారు కొద్దిమందే. చేతి కష్టం తెలిసిన పనివారికి పాదం కష్టం త్వరగా అర్థమవుతుంది. ఈ సూత్రాలు గుర్తుంచుకోండి.

1. లోపలి అట్ట ఎం.సి.ఆర్. అనే మెత్తటి రబ్బరుతో, సుమారు 10 మిల్లీమీటర్ల మందంలో ఉండాలి. బొటనవేలు, చూపుడువేలు మధ్య నొక్కితే సగానికి అణగి, వదలగానే లేవాలి. అణగి అలాగే ఉండిపోయే స్పాంజి పనికిరాదు.
2. కింది సోలు ముల్లు, మేకు దిగనంత గట్టిగా ఉండాలి.
3. ఎక్కడా మేకు కొట్టకూడదు. కుట్టాలి లేదా అంటించాలి. సోలు అరిగిననాడు ఆ మేకే పాదంలో దిగుతుంది.
4. బొటనవేలి సందులో దూరే పట్టీ వద్దు. పైన వెడల్పాటి పట్టీలు, వెనుక మడమ పట్టీ, వదులు చేసుకోవడానికి బకిల్ గాని వెల్‌క్రో గాని ఉండాలి. స్పర్శ లేని కాలి నుండి చెప్పు జారిపోయినా తెలియదు.
5. కుట్టు ముడులు, తోలు అంచులు చర్మానికి తగలకూడదు.
6. కొలత రెండు పాదాలకూ నిలబెట్టి తీయాలి.

ఆరవ సూత్రం తరువాత ఏడవది కూడా ఉంది. చెప్పు అందంగా ఉండాలి. ఒకప్పుడు ఆసుపత్రులలో ఇచ్చిన నల్లని చెప్పులను చూడగానే బజారులో జనం రోగిని గుర్తుపట్టేవారు. అందుకే చాలామంది వాటిని ఇంట్లో దాచి, పెళ్లికో సంతకో మామూలు చెప్పులు వేసుకుని వెళ్లి పుండుతో తిరిగివచ్చేవారు. మంచి రంగు తోలు, చక్కని కుట్టు, బజారులో నడిచే నమూనా ఉంటే ఆ చెప్పు రోజంతా కాలికే ఉంటుంది. ఆసుపత్రి వల్ల కానిదీ, పత్తర్‌గట్టి పనితనం వల్ల అయ్యేదీ ఇదే.

కొత్త చెప్పు ఇచ్చిన మొదటి రోజు గంట రెండు గంటలు మాత్రమే నడవమనండి. విప్పిన తరువాత ఎరుపు గాని వేడి గాని అరగంట దాటినా తగ్గకపోతే అక్కడ ఒత్తిడి పడుతోందని అర్థం. ఆ చోటు సరిచేసి మళ్లీ చూడండి.

ప్రతిరోజూ చేయవలసినవి

• మధ్యాహ్నం పని ఆపినప్పుడు ఒకసారి, రాత్రి ఒకసారి చేతులు, పాదాలు చూసుకోండి. అరికాలు చూడడానికి చిన్న అద్దం వాడండి. కంటిచూపు తక్కువైతే ఇంట్లో వారిని చూడమనండి.
• చేతులు, పాదాలను ఇరవై నిమిషాలు మామూలు నీటిలో నానబెట్టి, కాయ కట్టిన చర్మాన్ని గరుకు రాతితో మెల్లగా రుద్ది, తడి ఆరకముందే కొబ్బరి నూనె రాయండి. నీరు వేడిగా ఉందో లేదో స్పర్శ ఉన్నవారితో పరీక్షించుకోండి. బ్లేడుతో కాయ కోయకండి.
• గంటకొకసారి పని మార్చండి. కోత తరువాత కుట్టు, కుట్టు తరువాత అంటింపు. ఒకే చోట ఒకే ఒత్తిడి పడకుండా ఉంటుంది.
• బొబ్బ కనబడితే పని ఆపి, కట్టు కట్టి, ఆ చోటికి విశ్రాంతినివ్వండి. రెండు రోజుల విశ్రాంతి రెండు నెలల పుండును తప్పిస్తుంది.
• కన్ను పూర్తిగా మూతపడనివారు సోలు అరగదీసేటప్పుడు కళ్లద్దాలు పెట్టుకోవాలి.

వెంటనే ఆసుపత్రికి ఎప్పుడు రావాలి?

చర్మం మీద స్పర్శ లేని మచ్చ కనబడినా, చిటికెన వేలు వంగుతున్నా, చేతి పట్టు తగ్గినా, మోచేతి దగ్గరి నరం నొప్పి పెట్టినా ఆలస్యం చేయవద్దు. కొత్తగా వచ్చిన నరాల బలహీనతను తొలి నెలల్లోనే గుర్తించి మందు ఇస్తే తిరిగి వచ్చే అవకాశం ఉంది. పుండు నుండి వాసన వచ్చినా, కాలు వాచి జ్వరం వచ్చినా అదే రోజు రండి.

పాతబస్తీ నుండి వచ్చే పెద్దవారిని మా ఫిజియోథెరపీ విభాగంలో "చాచా, మీ పనిముట్లు కూడా తెచ్చుకోండి" అని అడుగుతాము. చెయ్యి ఒక్కటే చూస్తే సగమే తెలుస్తుంది, ఆ చెయ్యి పట్టుకునే ఆరెను, కత్తిని కూడా చూడాలి. అవి మీ సంచిలో ఉంటే తీసుకురండి, సిగ్గుపడవద్దు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కుష్ఠు నుండి నయమైనవారిని కూడా దివ్యాంగుల జాబితాలో చేర్చింది. ధ్రువపత్రం పొందితే పింఛను, రుణాల వంటి పథకాలకు దరఖాస్తు చేసుకోవచ్చు. కుష్ఠువ్యాధిని విడాకులకు కారణంగా చూపే నిబంధనలను 2019లో చట్టం నుండి తొలగించారు. చట్టం మారింది. ఇంట్లో, వీధిలో, దుకాణంలో మన మాట కూడా మారాలి. షాపు యజమానులకు మా మనవి ఒక్కటే: చేతి వేళ్లు వంగిన పనివాడు వస్తే వేళ్లు చూసి పంపించకండి. అతను కుట్టిన చెప్పు చూసి నిర్ణయించండి.