ఆకాశం నుంచి అంగడి వీధి

రంజాన్ మాసపు సాయంకాలం మదీనా కూడలి నుంచి చార్మినారు వైపు నడిచిన వారికి వాహనాల నిలుపుదల ఎంతటి జటిల సమస్యయో వేరుగా చెప్పనక్కరలేదు. 1908లో మూసీ వరదల అనంతరం 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. పత్తర్‌గట్టీ రాతి కమానుల వరుస ఆ మండలి నిర్మించినదే. ఆనాటి వీధికి నేటి కార్ల సంఖ్య ఊహకందని విషయం. ఈ వీధులలో ఎన్ని వాహనాలకు చోటు కావలెను? ఈ ప్రశ్నకు ఆకాశం నుంచి సమాధానం వెదకే విధానాన్ని, తెలుగు బోధించే మేము అర్థం చేసుకున్నంత మేరకు వివరింప దలచినాము.

గగనతలం నుంచి ఛాయాచిత్రాలు తీయుట నూతన విద్య కాదు. 1858లోనే నాదార్ అనే ఫ్రెంచి ఛాయాగ్రాహకుడు బెలూను నుంచి చిత్రం తీసినాడు. 1974లో ఏర్పడి, మన హైదరాబాదులోనే వర్ధిల్లిన జాతీయ దూర సంవేదన సంస్థ నేడు భారత అంతరిక్ష పరిశోధన సంస్థలో అంతర్భాగం. 2019లో ప్రయోగించిన కార్టోశాట్-3 ఉపగ్రహం 30 సెంటీమీటర్ల లోపు వివరాన్ని సైతం చూపగలదు. నాలుగు మీటర్ల కారు అందులో స్పష్టంగా కనిపిస్తుంది. కాని 70 సెంటీమీటర్ల వెడల్పు గల స్కూటరు అడ్డంగా రెండు మూడు చుక్కల మేరకే మిగిలిపోతుంది. ద్విచక్ర వాహనాలు అధికంగా గల మన బజారులకు తక్కువ ఎత్తున ఎగిరే డ్రోన్ చిత్రాలే అనుకూలం. 2021 నాటి డ్రోన్ నియమావళిని అనుసరించి, ఆయా ప్రాంతాలకు అవసరమైన అనుమతులతో మాత్రమే వాటిని ఎగురవేయవలెను.

అయితే ఒక్క చిత్రం చాలదు. నలభై కార్లకు చోటున్న వీధిని ఉదాహరణగా తీసుకొందాము. దుకాణదారులే తమ కార్లను పది గంటలపాటు అక్కడ నిలిపితే ఆ చోటు నలభై మందికే ఉపకరిస్తుంది. గంటకొక కారు మారితే నాలుగు వందల మందికి ఉపకరిస్తుంది. మధ్యాహ్నం తీసిన చిత్రంలో మాత్రం రెండు వీధులూ ఒక్క తీరుననే కనిపిస్తాయి! కనుక పావుగంటకొకమారు చిత్రాలు తీసి, ఏ వాహనం కదలినది, ఏది కదలలేదు అని పోల్చి చూడవలెను. అప్పుడే నిలిచిన వాహనాల సంఖ్యతోపాటు, అవి నిలిచిన కాలం కూడా తెలుస్తుంది.

మరొక మెలకువ కలదు. నిండిన వీధి చిత్రం అక్కడ చోటు దొరికిన వారిని మాత్రమే లెక్కించగలదు. చోటు దొరకక చుట్టూ తిరిగి వెనుదిరిగిన వారు అందులో లేరు. అమెరికా ఆచార్యుడు డోనాల్డ్ షూప్ వీధిలో సుమారు 15 శాతం చోటు ఎల్లప్పుడూ ఖాళీగా ఉండవలెనని ప్రతిపాదించుటలోని ఆంతర్యం ఇదియే. చెట్ల నీడలోనివి, భవనాల అడుగు అంతస్తులలోనివి ఆకాశానికి కనబడవు. కనుక నేలపై నిలిచి లెక్కించేవారి అవసరం ఎన్నటికీ తీరదు.

అన్నింటికన్న మించిన విషయం ఇంకొకటి. పైనుంచి చూచిన కంటికి తోపుడు బండి ఆక్రమించిన ఒక జాగాగానే తోస్తుంది. దానిపై ఆధారపడిన కుటుంబం కనిపించదు. లాడ్ బజారుకు కారులో వచ్చేవారికన్న కాలినడకన, బస్సులో వచ్చేవారికి జాగా అక్కరలేదు గనుక వారు లెక్కకే రారు. అట్టి పటాన్ని మాత్రమే చూచి నిర్ణయాలు చేసినచో బండి తొలగి, కారు నిలుస్తుంది. 2014 నాటి వీధి వర్తకుల చట్టం వారి జీవనోపాధికి రక్షణ కల్పించినది. పటం గీసేవారు ఆ చట్టాన్ని కూడా చేతబట్టుకొనవలెను.

విద్యార్థులారా! యంత్రం వాహనాలను లెక్కించగలదు. ఎవరి అవసరాన్ని లెక్కలోనికి తీసుకొనవలెనో నిర్ణయించేది మనుష్యులే. మీలో రేపటి ఇంజనీర్లు, అధికారులు ఉన్నారు. ఆకాశం నుంచి చూచిన వీధిలో ఒక్కమారు నడచి వచ్చిన పిమ్మటనే సంతకం చేయండి.