పార్లమెంటులో మహిళా సభ్యులు

స్వతంత్ర భారతమున తొలి సార్వత్రిక ఎన్నికలు 1951-52లో జరిగినవి. ఓటర్ల జాబితాలు సిద్ధపరచునపుడు ఒక చిక్కు ఎదురైనది. ఉత్తరాది రాష్ట్రములలో పలువురు స్త్రీలు తమ పేరు చెప్పక, ఫలానావారి భార్యననియో, ఫలానావారి తల్లిననియో వ్రాయించిరి. ప్రధాన ఎన్నికల కమిషనరు సుకుమార్ సేన్ ఇందుకు అంగీకరింపలేదు. తుదకు సుమారు 28 లక్షలమంది స్త్రీల నమోదులు జాబితాలనుండి తొలగింపబడినవి. రాజ్యాంగము ఓటు హక్కు నిచ్చినను, దాని నందుకొనుటకు స్త్రీకి ముందుగా తన పేరు కావలసివచ్చినది.

ఆ రాజ్యాంగమును రచించిన సభలో 15 మంది స్త్రీలుండిరి. రాజమహేంద్రవరమున జన్మించిన శ్రీమతి దుర్గాబాయి వారిలో ఒకరు. రాజ్యసభ సభ్యత్వమునకు 35 ఏండ్లు నిండవలెనన్న ప్రతిపాదనను ఆమె సవరింపజూచిరి. సభ అంగీకరించి 30 ఏండ్లుగా నిర్ణయించినది. లోక్‌సభకు 25 ఏండ్లు చాలును. అదే సభలో 1947లో శ్రీమతి రేణుకా రాయ్ స్త్రీలకు ప్రత్యేక స్థానములు వలదనిరి. యోగ్యతయే స్త్రీలకు దారి చూపునని ఆమె విశ్వాసము.

ఎన్నికైన సభ్యురాలు ఏమి చేయగలదని కొందరు శ్రోతలు అడుగవచ్చును. ప్రశ్నోత్తరముల సమయమున మంత్రిని నిలదీయవచ్చును. స్థాయీ సంఘములలో పద్దులను, బిల్లులను పరిశీలింపవచ్చును. మంత్రి పదవి లేకున్నను స్వయముగా బిల్లు ప్రవేశపెట్టవచ్చును. అట్టి బిల్లు చట్టమగుట అరుదు. కాని విషయము సభ దృష్టికి వచ్చును. వరకట్నము సంగతి చూడుడు. దానిని అరికట్టుటకై మొదటి లోక్‌సభలోనే శ్రీమతి ఉమా నెహ్రూ బిల్లు తెచ్చిరి. పిదప ప్రభుత్వమే బిల్లు ప్రవేశపెట్టగా, ఉభయసభలకు భేదాభిప్రాయము కలిగి, 1961 మే నెలలో మొట్టమొదటి సంయుక్త సమావేశము జరిగినది. ఆ యేడే వరకట్న నిషేధ చట్టము వెలువడినది.

మన ప్రాంతమునుండి 1957లో శ్రీమతి మోతే వేదకుమారి ఏలూరునుండి లోక్‌సభకు ఎన్నికైరి. శ్రీమతి సంగం లక్ష్మీబాయి తెలంగాణమునుండి 1957, 1962, 1967 ఎన్నికలలో వరుసగా గెలిచిరి.

అయినను సంఖ్య ఆశించినంత పెరుగలేదు. 2019లో 543 స్థానములకు 78 మంది స్త్రీలు గెలువగా, 2024లో 74 మందియే గెలిచిరి. అనగా నూటికి 14 మందియైనను లేరు. ఓటరు తీర్పుకు ముందే పార్టీ టిక్కెట్టు అను గడప ఒకటి యున్నది. అనేకులు అచ్చటనే ఆగిపోవుచున్నారు. యోగ్యత యొక్కటే చాలదని ఇన్ని దశాబ్దుల అనుభవము తెలుపుచున్నది.

మహిళలకు మూడవ వంతు స్థానములు కేటాయించు బిల్లు 1996లో మొదటిసారి లోక్‌సభకు వచ్చినది. 2010లో రాజ్యసభ ఆమోదించినను చట్టము కాలేదు. 27 ఏండ్ల నిరీక్షణ పిమ్మట 2023లో 106వ రాజ్యాంగ సవరణ ఆమోదము పొందినది. ఇది లోక్‌సభకు, శాసనసభలకు వర్తించును; రాజ్యసభకు వర్తింపదు. షెడ్యూల్డు కులములకు, తెగలకు ప్రత్యేకించిన స్థానములలోను మూడవ వంతు స్త్రీలకే. 543లో మూడవ వంతు 181. అయితే చట్టము వెలువడిన పిదప జరుగు తొలి జనగణన, ఆపై నియోజకవర్గముల పునర్విభజన ముగిసిన మీదటనే ఇది అమలు కావలెనని ఆ సవరణలోనే నిబంధన చేర్చిరి.

ఎన్ని స్థానములు కేటాయించినను సభ్యురాలిని సభకు పంపునది ఓటరే. మన యింటి స్త్రీలందరి పేర్లును ఓటర్ల జాబితాలో సరిగా నున్నవో లేవో చూచుకొనుట మనము చేయదగిన మొదటి పని.