హైదరాబాదు పాతనగరము - సజీవనగరమున పురావస్తు పరిశీలనము

ప్రాచీననగరములను పరిశీలించువారికి రెండు తెరగుల నగరములు ఎదురగును. జనులు విడిచిపోగా మట్టి క్రింద నిలిచిపోయినవి కొన్ని; నేటికిని జనులు కాపురముండి క్రయవిక్రయములు సాగించుచున్నవి కొన్ని. నాగార్జునకొండ మొదటి తెగకు చెందినది. జలాశయమున మునుగక పూర్వము 1954 నుండి 1960 వరకు అచట విస్తృతముగా త్రవ్వకములు జరిగినవి. ఇక్ష్వాకుల రాజధానిలోని విహారములు, చైత్యములు, కోట, నాలుగు ప్రక్కల మెట్లు గల రంగస్థలము వెలికి వచ్చినవి. ఆ రంగస్థలమును చూచిన పండితులు పలువురు రోమక రంగస్థలములను స్మరించిరి. అచట పరిశోధకులు తాము తలచిన చోట త్రవ్వగలిగిరి. గడువు మాత్రము కృష్ణానది నీటిది.

హైదరాబాదు పాతనగరము రెండవ తెగకు చెందినది. చార్మినారు పరిసరములలో గజము నేలయైనను త్రవ్వుటకు చిక్కదు. దుకాణము మీద దుకాణము, గోడకు గోడ ఆని యున్నవి. అందుచేత ఇచట పురావస్తుశాస్త్రమునకు పని లేదను భావము మన పరిశోధక విద్యార్థులలో కొందరికి కలదు. అది సరికాదని మా యభిప్రాయము. సజీవనగరమున నేలకు బదులు గోడను చదువవలెను. కాలస్తరములు మట్టిలోనే కాక గచ్చులోను, రాతికట్టుబడిలోను, వీధుల పేరులలోను నిలిచి యుండును. వానిని చదువు విధమును కొన్ని నిదర్శనములతో చూపుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

ఈ విద్యకు రోము నగరము తొలి పాఠశాల. దొమీషియన్ చక్రవర్తి క్రీ.శ. మొదటి శతాబ్ది చివర కట్టించిన క్రీడాప్రాంగణము శిథిలమైనది. ప్రేక్షకులు కూర్చుండిన మెట్ల పునాదులపై ఇండ్లు లేచినవి. నడిమి బయలు మాత్రము ఆ పొడవాటి యాకారమును విడువక నవోనా చౌకయై నేటికిని నిలిచినది. సెప్టిమియస్ సెవరస్ విజయతోరణము శతాబ్దుల పర్యంతము సగము మట్టిలో కూరుకొనిపోయి, పంతొమ్మిదవ శతాబ్ది ఆరంభముననే తన పాదములను చూపినది. వీనికంటె మనకు ఎక్కువగా పాఠము చెప్పునది జానసు పేర వ్యవహరింపబడు చతుర్ముఖ తోరణము. నాలుగవ శతాబ్దికి చెందిన ఈ కట్టడమును మధ్యయుగమున ఒక ప్రభువంశము దుర్గముగా మార్చుకొనినది. తరువాతి కాలమువారు మూలరూపమును పునరుద్ధరింప దలచి, పై భాగము మధ్యయుగపు చేర్పని నిశ్చయించి 1830లో దానిని తొలగించిరి. అది రోమకుల నాటి మూలభాగమే యని తరువాత తేలినది. పడగొట్టిన దానిని మరల చదువుట ఎవరి తరము?

నాలుగు దిక్కులకు నాలుగు కమానులు తెరచి నిలుచుటలో ఆ తోరణమునకును చార్మినారునకును పోలిక కలదు. ఇంత మాత్రముచేత రెంటికిని చుట్టరికము కలుపుట తగదు. చార్మినారు పారశీక, దక్కను సంప్రదాయముల బిడ్డ. మేము పోలికను తీసికొనుట పరిశీలనవిధానము కొరకే గాని వంశవృక్షము కొరకు గాదు.

ముందుగా కాలనిర్ణయము. ముహమ్మద్ కులీ కుతుబ్‌షా 1580 నుండి 1612 వరకు పాలించెను. ‘యా హాఫిజ్’ అను మాట చార్మినారు నిర్మాణకాలమును సూచించునని సంప్రదాయము. అబ్జదు లెక్కను అనుసరించి ‘యా’ అను దానికి 11, ‘హాఫిజ్’ అను దానికి 989, మొత్తము 1000 వచ్చును. కటపయాది సంఖ్యతో పరిచయము గల మనకు ఈ పద్ధతి వింత గాదు. హిజరీ 1000వ సంవత్సరము 1591 అక్టోబరులో మొదలై 1592 అక్టోబరులో ముగిసినది. కనుక మన పాఠ్యగ్రంథములలో 1591 అని యొక్క అంకెనే వ్రాయుట కొంత తొందరపాటు. 1591-92 అనుట యుక్తము. నగరము ఒక్క ముహూర్తమున వెలసిన దనుకొనుటయు అట్టిదే. మూసీనదిపై పురానాపూల్ వంతెనను ఇబ్రహీం కులీ కుతుబ్‌షా 1578లోనే కట్టించెను. వంతెన నగరముకంటె పదమూడేండ్లు పెద్దది. గోలకొండనుండి బయలుదేరిన రాకపోకలు, నివాసములు చార్మినారునకు పూర్వమే దక్షిణపుటొడ్డునకు చేరుచుండెనని ఈ రెండు తేదీల నడిమి యెడమే మనకు చెప్పుచున్నది.

చార్మినారునకు ఉత్తరముగా సుమారు 75 మీటర్ల దూరమున నాలుగు కమానుల చౌక మొదలగును. దక్షిణమున చార్మినారు కమాను, ఉత్తరమున మచిలీ కమాను, తూర్పున కాలీ కమాను, పడమట షేరె బాతిల్ కమాను. నడుమ గుల్జార్ హౌజు కలదు. ఇది రాజమందిరము ముంగిటి బయలు. జిలౌఖానా యని దీనికి పేరు. పడమటి కమాను రాజమందిరములకు ప్రవేశద్వారము. 1687లో గోలకొండ మొగలుల వశమైన పిమ్మట ఆ మందిరములు క్రమముగా నశించినవి. నేడు ద్వారము కలదు, ఇల్లు లేదు. నవోనా చౌకలో కట్టడము పోయి బయలు మిగిలినది. ఇచట బయలు అంగళ్లతో నిండిపోయి దాని నాలుగు వాకిళ్లు మిగిలినవి. కమానునుండి కమానునకు తాడు పట్టి కొలిచినచో మాయమైన ఆ బయలు కొలత దొరకును. ఆ కొలతలోపల నున్న ప్రతి గోడయు తరువాతి కాలపుదే. ఒక్క గడ్డపార పోటు లేకుండ ఇంత తెలిసికొనవచ్చును.

క్రొత్తనగరమున పద్నాలుగువేల దుకాణము లుండెనని పారశీక చరిత్రలను అనుసరించి చెప్పుదురు. సంఖ్యను నమ్ముటయో త్రోసివేయుటయో కాక, రాచబాటల పొడవును పాత అంగళ్ల ముఖముల వెడల్పుతో భాగించి చూచుట శాస్త్రీయము. పదునేడవ శతాబ్దిలో ఇచటికి వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు తెవెనో, చార్మినారు పై వసారాలు నీటిని పైకెక్కించి రాజమందిరపు పై యంతస్తులకు అందించుటకు ఉపయోగపడుచుండెనని వ్రాసెను. ఇదియు అట్టి పరీక్షకే తగినది. గోడలలో గొట్టముల జాడను వెదకుట యాత్రికుని వాక్యమును మరల మరల ఉదాహరించుటకంటె మేలు.

గోడ చదువుటకు పాతనగరమున బాద్‌షాహీ ఆషూర్‌ఖానాను మించిన పుస్తకము లేదు. ముహమ్మద్ కులీ కాలముననే 1590 దశకమున దీని నిర్మాణము జరిగినది. లోపలిగోడలను కప్పిన రంగురంగుల మెరుగుపలకల కూర్పు 1611 నాటిది. నీలము, పసుపు, ఆకుపచ్చ వన్నెలలో పీరుల ఆకృతులును పూలతీగెలును పలకముక్కలతో పేర్చబడినవి. ముందరి ఎత్తైన కొయ్యస్తంభముల మంటపము అటు తరువాత నూటయేబది యేండ్లకు, నిజాం అలీఖాన్ కాలమున చేరినది. లోపలికి పోయి గోడను దగ్గరగా పరికించినచో క్రింది భాగమున మరియొక చేతిపని కనబడును. పలకలు గల చోట వెలుగు పడిన కొలది మెరుపు కదలును. క్రింద మెరుపు లేదు, సున్నముపై రంగు మాత్రమే కలదు. 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీవరదలో క్రింది పలకలు చెడిపోగా, వాని పోలికను గచ్చుపై రంగులతో చిత్రించిరి. కుతుబ్‌షాహీల పలక, ఆసఫ్‌జాహీల కొయ్య, వరద విడిచిన వెలితి - మూడు కాలములు ఒక్క మందిరమున గలవు. శుద్ధరూపమును కోరువాడు కొయ్యమంటపమును తీసివేయవలెనని, రంగుపూతను గీకి క్రొత్త పలకలు అతుకవలెనని అనవచ్చును. అట్లు చేసినచో వరద యొక్క సాక్ష్యము ఆ గోడనుండి తుడిచిపెట్టుకొని పోవును. జానసు తోరణము పై భాగమునకు పట్టిన గతియే దానికిని పట్టును.

చార్మినారు గచ్చుపనియు ఇట్లే అనేక మరమ్మతుల సముదాయము. 2019 మే నెలలో ఒక మినారునుండి గచ్చుపెళ్ల విరిగి క్రింద పడినది. పత్రికలు ప్రమాదమును గూర్చి వ్రాసినవి; అది వారి ధర్మము. పరిశోధకుడు విరిగిన అంచును చూడవలెను. డంగుసున్నము పూత ఎన్ని పొరలు, ఏ పొరలో ఇసుక ముతక, ఏ పొర క్రింద రాయి నేరుగా కనబడుచున్నది - ఇవి సాధారణకాలమున చూడ దొరకని సంగతులు.

నగరప్రాకారమును గూర్చి క్లుప్తముగా చెప్పెదము. హైదరాబాదు వెలసిన తరువాత నూరేండ్లకు పైగా గోడ లేకయే యుండెను. మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాను మొదలిడిన ప్రాకారమును 1740 ప్రాంతమున మొదటి ఆసఫ్‌జా పూర్తిచేసెను. రోమునకు అరేలియన్ చక్రవర్తి 271లో చుట్టుగోడను మొదలిడుటకు పూర్వము శతాబ్దుల పాటు ఆ మహానగరమును అట్లే గోడ లేక వర్ధిల్లినది. గోడ నగరబలమునకు గుర్తని మనము తలతుము. ఈ రెండు చోట్లను అది భయమునకు గుర్తు. 1954లో అఫ్జల్ దర్వాజా తొలగింపబడినది. దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు నేడు మిగిలినవి. వంతెన 1578 నాటిది, దాని కొననున్న దర్వాజా పదునెనిమిదవ శతాబ్దిది. చూపరులు రెంటిని ఒక్క కట్టడముగా భావించుట కద్దు.

1908 వరద పాతనగరపు చరిత్రలో పెద్ద గీత. దాని వెనుక 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడి, ఇరుకు బస్తీలను తీసివేసి వీధులను వెడల్పు చేసినది. గండిపేట జలాశయము 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను సిద్ధమైనవి. పత్థర్‌గట్టి రాతికమానుల అంగళ్లు ఈ నూతననిర్మాణదశకు చెందినవి. పేరును రాతిని చూచి ఇవి కుతుబ్‌షాహీల నాటివని పొరబడువారు పెక్కుమంది. చార్మినారు రాతిపై డంగుసున్నపు గచ్చు పరచి యున్నది. పత్థర్‌గట్టిలో చెక్కిన రాయి గచ్చు లేక నేరుగా కనబడును. కంటితో చూచియే చేయగల విభాగమిది.

తెలుగుశాఖకు ఈ చర్చతో ఏమి పని యని అడుగువారు గలరు. స్థలనామములు మన పని. శాలిబండ ‘షా అలీ బండ’ నుండి వచ్చినది. సాధువు పేరు పారశీకము, బండ మన తెలుగు బండ. ‘సెహ్రె బాతిల్’ అనగా మంత్రమును వ్యర్థము చేయునది. జనుల నోట అది ‘షేరె బాతిల్’ అయి సింహమును తెచ్చిపెట్టినది. విల్లు అను అర్థము గల పారశీక ‘కమాన్’ తెలుగులో కమానై, మన తాపీవారి మాటలలో స్థిరపడినది. తెలుగుకవులకు ఆశ్రయమిచ్చి, అద్దంకి గంగాధరకవిచే ‘తపతీసంవరణోపాఖ్యానము’ను అంకితముగా గైకొనిన ఇబ్రహీం కుతుబ్‌షాయే పురానాపూల్‌ను కట్టించెను. ఆ కృతిని చదువు విద్యార్థి వంతెనను ఒకమారు నడిచి దాటుట అనావశ్యకము గాదు.

2024 మార్చిలో పాతనగరపు మెట్రో మార్గమునకు శంకుస్థాపన జరిగినది. దారుల్‌షిఫానుండి శాలిబండ వైపు పోవు వీధిని వెడల్పు చేయుటకై 2025లో కట్టడముల తొలగింపు మొదలైనది. ప్రయాణసౌకర్యము పాతనగరవాసులకు అవసరము. దానిని కాదనుట మా యుద్దేశము గాదు. అయితే ఇంటి ముందరిభాగమును కోసినపుడు గోడ యొక్క నిలువుకోత కొన్నినాళ్లు బయట కనబడును. సజీవనగరము మనకు ఇచ్చు త్రవ్వకపు గుంట అదియే. క్రొత్త పూత పడకముందే ఇటుక కొలత, సున్నపు పొరలు, మూసివేసిన పాత వాకిళ్లు, వీధిమట్టమునకు గడపకు గల తేడా వ్రాసికొనవలెను. గడప వీధికంటె పల్లమున నున్నచో, ఆ ఇల్లు కట్టిన పిదప వీధి ఎంత లేచెనో అంగుళములలో తెలియును. ఇంటివారియొద్ద పాత దస్తావేజులున్నచో వానిలోని ఎల్లలు, ఇరుగుపొరుగుల వృత్తులు, గల్లీల పూర్వనామములు ఎత్తి వ్రాసికొనవచ్చును. ఇవి చాలవరకు ఉర్దూలోనున్నవి గనుక ఆ లిపి నేర్చిన విద్యార్థి ఒక్కడైనను జట్టులో నుండవలెను. 1911-15 నడుమ లియొనార్డ్ మన్ ఆధ్వర్యమున తయారైన నగరపటములు ఈ పనికి ఆధారము. ఆ పటములలోని ఇంటి గీతలపై నేటి వీధిగీతను పరచి చూచినచో, పటమున గల గోడలు ఏవి, అటు తరువాత లేచినవి ఏవి యని ముందుగానే గుర్తించి, మొదటివాని కడకు మొదట పోవచ్చును.