ఆటోమేటిక్ కారు కొంటున్నారా? ఏఎంటీ, సీవీటీ, డీసీటీ... మీ దారికి ఏది సరిపోతుంది?

షోరూమ్‌లో 'ఆటోమేటిక్' అనే మాట ఒక్కటే. లోపల గేర్‌బాక్స్ మాత్రం నాలుగు రకాల్లో ఏదైనా కావచ్చు. హ్యుందాయ్ క్రెటానే తీసుకోండి. 1.5 లీటర్ల మామూలు పెట్రోల్ ఇంజిన్‌కు ఐవీటీ పేరుతో సీవీటీ, డీజిల్‌కు టార్క్ కన్వర్టర్, టర్బో పెట్రోల్‌కు డీసీటీ ఇచ్చారు. ఒకే కారులో మూడు రకాలన్నమాట.

తేడా తెలియాలంటే మీరు తిరిగే దారిని గుర్తు చేసుకోండి. ఉదాహరణకు, హైదరాబాద్ నుంచి నారాయణఖేడ్ ప్రాంతంలోని బోరంచకు నల్ల పోచమ్మ దర్శనానికి వెళ్తున్నారనుకుందాం. పటాన్‌చెరు దాకా ఆగుతూ సాగే ట్రాఫిక్, సంగారెడ్డి దాటాక జోగిపేట వైపు హైవే, చివర్లో పల్లె రోడ్డు. ఈ మూడింటిలో ఒక్కో గేర్‌బాక్స్ ఒక్కోలా నడుస్తుంది.

ఏఎంటీ: తక్కువ ధర, కాస్త కుదుపు

ఇది నిజానికి మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ నొక్కడం, గేరు మార్చడం మన బదులు చిన్న యంత్రాలు చేస్తాయి. 2014లో మారుతీ సెలెరియోతో మన దేశంలో చిన్న కార్లకు వచ్చింది. ధర తక్కువ, మైలేజీ దాదాపు మాన్యువల్‌తో సమానం. గేరు మారేటప్పుడు ముందుకు తూగినట్టు అనిపిస్తుంది. ఎత్తులో ఆగినప్పుడు కారును యాక్సిలరేటర్‌తో నిలబెట్టకండి, క్లచ్ ప్లేటు అరిగిపోతుంది. బ్రేకు మీద కాలుంచండి.

చాలా ఏఎంటీ కార్లలో 'పి', అంటే పార్కింగ్ స్థానం ఉండదు. న్యూట్రల్‌లో వదిలి దిగితే వాలులో బండి కదిలిపోవచ్చు. గేరులో ఉంచి ఇంజిన్ ఆపాలి, హ్యాండ్‌బ్రేక్ తప్పక వేయాలి.

టార్క్ కన్వర్టర్: పాతదే, గట్టిది

రెండు ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి ఆన్ చేస్తే, ఆ గాలికి రెండోదీ తిరుగుతుంది. ఇక్కడ గాలి బదులు ఆయిల్. ఇంజిన్ ఒక చక్రాన్ని తిప్పితే ఆయిల్ ప్రవాహం రెండోదాన్ని తిప్పుతుంది. బండి కదలడానికి క్లచ్ ప్లేట్ల రాపిడి అక్కర్లేదు కాబట్టి నత్తనడక ట్రాఫిక్‌నూ, బరువునూ బాగా తట్టుకుంటుంది. ఏఎంటీతో పోలిస్తే ధర ఎక్కువ, మైలేజీ కొంచెం తక్కువ.

సీవీటీ: గేర్లే లేని గేర్‌బాక్స్

పిండి గిర్నీలో రెండు చక్రాల మధ్య బెల్టు తిరగడం చూసే ఉంటారు. సీవీటీలోనూ అంతే. కాకపోతే బెల్టు ఉక్కుది, చక్రాలపై అది పట్టే చోటు లోపలికీ బయటికీ మారుతూ ఉంటుంది. మెట్లు మెట్లుగా కాక ర్యాంపు ఎక్కినట్టు వేగం పెరుగుతుంది. కుదుపు ఉండదు, నగరానికి హాయి. హైవేపై ఓవర్‌టేక్ కోసం గట్టిగా తొక్కితే మాత్రం ముందు మోత పెరుగుతుంది, వేగం ఆ తర్వాత అందుకుంటుంది.

డీసీటీ: వేగానికి రెండు క్లచ్‌లు

ఒక క్లచ్ 1, 3, 5 గేర్లను, రెండోది 2, 4, 6 గేర్లను చూసుకుంటుంది. ఒక గేరులో నడుస్తుండగానే తర్వాతిది సిద్ధంగా ఉంటుంది. అందుకే హైవేపై చురుకు. ధర ఎక్కువ. 'డ్రై' క్లచ్ ఉన్నవి గంటల తరబడి పాకే ట్రాఫిక్‌లో వేడెక్కే అవకాశం ఉంది. ఆయిల్‌లో మునిగి ఉండే 'వెట్' క్లచ్ ఆ వేడిని మెరుగ్గా తట్టుకుంటుంది.

మరి ఎలక్ట్రిక్ కార్లలో?

మోటారు మొదటి క్షణం నుంచే పూర్తి బలం ఇస్తుంది. అందుకే వాటిలో దాదాపు అన్నిటికీ ఒకే గేరు. ఈ లెక్కలేవీ అక్కర్లేదు.

దారిలో ఆగిపోతే?

టార్క్ కన్వర్టర్, సీవీటీ కార్లను తోసి స్టార్ట్ చేయడం కుదరదు. ఇంజిన్ ఆగితే గేర్‌బాక్స్‌లోని ఆయిల్ పంపూ ఆగుతుంది. తాడు కట్టి లాగితే లోపలి భాగాలు దెబ్బతినొచ్చు. చక్రాలన్నీ పైకి ఎక్కించుకునే వాహనాన్నే పిలిపించండి.

లైసెన్సు మార్చుకోవాలా?

అక్కర్లేదు. కార్లకు ఇచ్చే ఎల్‌ఎంవీ లైసెన్సు రెండింటికీ చెల్లుతుంది. బ్రిటన్‌లో అలా కాదు. అక్కడ ఆటోమేటిక్‌పై పరీక్ష పాసైనవారు మాన్యువల్ నడపాలంటే మళ్లీ పరీక్ష రాయించుకోవాల్సిందే.

కొనేముందు ఏం అడగాలి?

• ఇది నాలుగింటిలో ఏ రకం? డీసీటీ అయితే డ్రైనా, వెట్టా?
• ఎత్తులో వెనక్కి జారకుండా ఆపే హిల్ హోల్డ్ ఉందా?
• గేర్‌బాక్స్ ఆయిల్ ఎప్పుడు మార్చాలి, ఖర్చెంత?
• క్లచ్‌కు వారంటీ వర్తిస్తుందా? జవాబు రాతలో తీసుకోండి.

టెస్ట్ డ్రైవ్‌ను ఖాళీ రోడ్డుపై ముగించకండి. ఒక ఫ్లైఓవర్ ఎక్కే చోట ఆపి కదిలించండి, రద్దీలో పది నిమిషాలు నడపండి. బడ్జెట్ బిగువుగా ఉంటే ఏఎంటీ, రోజూ ట్రాఫిక్‌లోనే ఉంటే సీవీటీ, అన్ని రకాల దారులూ తిరిగితే టార్క్ కన్వర్టర్, హైవే ప్రయాణాలే ఎక్కువైతే డీసీటీ చూడొచ్చు.