రొమ్ము క్యాన్సర్: తండ్రి వైపు కూడా అడగండి

మా బంధువుల్లో ఒక సంబంధం నిశ్చయం దాకా వచ్చి ఆగిపోయింది. అమ్మాయి తల్లికి నాలుగేళ్ల కిందట, యాభై అయిదో ఏట, రొమ్ము క్యాన్సర్ వచ్చి అల్లాహ్ దయవల్ల ఆపరేషన్‌తో, కీమోతో తగ్గింది. ఆ సంగతి ఎవరో మగపెళ్లివారి చెవిన వేశారు. అబ్బాయి దాదీ నన్నే అడిగారు: "టీచరమ్మా, సైన్సు చెబుతావు గదా, ఈ జబ్బు రక్తంలో వస్తుందా?" ఆవిడకు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

రొమ్ము క్యాన్సర్ వచ్చిన నూరు మందిలో 5 నుంచి 10 మందికి మాత్రమే తల్లిదండ్రుల నుంచి వచ్చిన ఒక జన్యులోపం ముఖ్య కారణంగా కనిపిస్తుంది. మిగతావారిలో వయసు, హార్మోన్లు, బరువు, ఎన్నో చిన్న చిన్న జన్యు తేడాలు కలిసి పనిచేస్తాయి. తల్లికి వస్తే కూతురికి ముప్పు దాదాపు రెట్టింపన్న మాట నిజమే. మన దేశంలో జీవితకాలంలో సుమారు 28 మంది స్త్రీలలో ఒకరికి ఈ జబ్బు వస్తుందని లెక్క. దాన్ని రెట్టింపు చేసినా, రానివాళ్లే ఎక్కువ.

ఇక ఆ కొద్దిమంది సంగతి. వారిలో ఎక్కువగా కనిపించేవి బీఆర్‌సీఏ-1, బీఆర్‌సీఏ-2 అనే జన్యువుల్లో లోపాలు. ఈ జన్యువుల పని మన డెల్టా వాళ్లకు చెప్పడం తేలిక. కాలువ గట్టు మీద లస్కరు తిరుగుతూ, ఎక్కడైనా బొరియ కనిపిస్తే గండి పడకముందే పూడ్పిస్తాడు. కణంలో డీఎన్‌ఏకు రోజూ తగిలే దెబ్బలను సరిచేయడంలో ఈ జన్యువులదీ అలాంటి పనే. ప్రతి ఒక్కటీ మనకు రెండు ప్రతులుగా ఉంటుంది, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. అంటే గట్టుకు ఇద్దరు లస్కర్లు. లోపంతో పుట్టిన మనిషికి ఒక్కడే ఉంటాడు. ఆ ఒక్కడూ పనిచేసినన్నాళ్లూ ఇబ్బంది లేదు. ఏదో ఒక కణంలో అతడూ పోయాడా, తప్పులు పేరుకుంటూ క్యాన్సర్‌కు దారితీయవచ్చు. వారసత్వంగా వచ్చేది ముప్పు. జబ్బు రావచ్చు, రాకపోనూవచ్చు.

1990లో అమెరికా శాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ ఈ లోపం జాడను 17వ క్రోమోజోము మీద చూపించారు. 1994లో మొదటి జన్యువు, మరుసటి ఏడాది రెండోది దొరికాయి. లోపం ఉన్న స్త్రీలలో 80 ఏళ్లు వచ్చేలోగా నూటికి సుమారు 70 మందికి రొమ్ము క్యాన్సర్ వస్తుందని పెద్ద పరిశీలనల్లో తేలింది. అండాశయ క్యాన్సర్ ముప్పూ పెరుగుతుంది.

మనవాళ్లు ఎప్పుడూ "తల్లికి ఉందా, నానీకి ఉందా" అనే అడుగుతారు. లోపం ఉన్నవారు తల్లయినా తండ్రయినా, ప్రతి బిడ్డకూ అది చేరే అవకాశం సగానికి సగం, నాణెం ఎగరేసినట్టు. తండ్రికి ఏ జబ్బూ లేకుండానే కూతురికి అందించగలడు. అందుకే దాదీ, ఫుప్పూల సంగతీ అడగాలి. మగవాళ్లకూ అరుదుగా రొమ్ము క్యాన్సర్ వస్తుంది.

దగ్గరి సంబంధాలు చేసుకోవడం వల్లే ఇదంతా అనేవారున్నారు. కొన్ని జబ్బుల విషయంలో అది నిజం. మన రాష్ట్రంలోని వైశ్యులలో కొందరికి ఆపరేషన్ సమయంలో ఇచ్చే ఒక రకం మందు పడదు. కండరాలు చాలాసేపు తిరిగి పనిచేయవు. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి పరిశోధన ఇలాంటి వాటిని తరతరాలుగా లోపల్లోపలే జరిగే పెళ్లిళ్లతో ముడిపెట్టింది. అయితే దానికి ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ లోపం రావాలి. బీఆర్‌సీఏకి ఒక్కరి నుంచి వచ్చినా చాలు. బయటి సంబంధం చేసుకున్నంత మాత్రాన తప్పదు.

చిన్న వయసులోనే జబ్బు రావడం, రెండు రొమ్ములకూ రావడం, ఒకే వైపు బంధువుల్లో ఇద్దరు ముగ్గురికి రావడం, అండాశయ క్యాన్సర్ కూడా ఉండడం, మగవారికి రావడం – ఇలాంటివి ఉంటే క్యాన్సర్ వైద్యులను జన్యుపరీక్ష గురించి అడగాలి. వీలైతే ముందు జబ్బు వచ్చినవారికే చేయాలి. ఫలితం ఒక్కోసారి "మార్పు ఉంది, అర్థం ఇంకా తెలియదు" అని వస్తుంది. దానికి బెంబేలెత్తి ఆపరేషన్లకు పోకూడదు. లోపం నిజంగా తేలితే పాతికేళ్ల నుంచే ఏటా ఎమ్మారై పరీక్షలతో కనిపెట్టి ఉండవచ్చు. కొందరు ముందుగానే ఆపరేషన్ చేయించుకుంటారు. సినీనటి ఏంజెలినా జోలీ 2013లో ఆ సంగతి బాహాటంగా చెప్పారు.

ఆ అమ్మాయి తల్లికి వచ్చింది యాభై అయిదులో, రెండు వైపులా ఇంకెవరికీ లేదు. జన్యులోపం అవకాశం తక్కువ. ఇదంతా విని దాదీ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు: "మా పెద్దమ్మాయి ముప్పై ఎనిమిదేళ్లకే పోయింది. కడుపులో పుండు అని చెప్పుకున్నాం. రొమ్ములోదే. మా చెల్లెలిదీ అదే." ఆ పెద్దమ్మాయి అబ్బాయికి సొంత ఫుప్పు.

సంబంధం మళ్లీ కుదరలేదు. పోయిన కూతురి ఆడపిల్లలిద్దరినీ మాత్రం ఆవిడ రంజాన్ తర్వాత డాక్టరు దగ్గరకు తీసుకెళ్లారు. కాగితం మీద కుటుంబంలో ఎవరికి ఏ వయసులో ఏం వచ్చిందో నేనే రాసిచ్చాను, దాచకుండా.