నైనీతాల్: రోప్‌వే ఎక్కించే ఆ కొండ కథ

నైనీతాల్ వెళ్లినవారిలో చాలామంది మొదటి రోజే స్నో వ్యూ చూసి వస్తారు. ఆ పట్టణంలోకెల్లా అందమైన చోటు అదే అని కాదు, అన్నిటికంటే సులువుగా చేరగల ఎత్తు అదే కనుక. మల్లీతాల్‌లో టికెట్టు తీసుకుని రోప్‌వే పెట్టెలో నిలబడితే చాలు, కొద్ది నిమిషాల్లోనే సరస్సు కాళ్ల కిందికి దిగిపోతుంది. సతీదేవి కన్ను పడిన చోటు ఇదేనన్న స్థలపురాణం ఎందుకు పుట్టిందో పైనుంచి చూసినప్పుడు అర్థమవుతుంది. చుట్టూ దేవదారు, ఓక్ చెట్ల నడుమ ఆ ఆకుపచ్చని నీరు నిజంగానే తెరచిన కన్నులా ఉంటుంది.

సరస్సు సముద్రమట్టానికి 1,938 మీటర్ల ఎత్తున ఉంది. స్నో వ్యూ సుమారు 2,270 మీటర్ల ఎత్తున ఉంది. అంటే ఎక్కేది 300 మీటర్లకు కాస్త పైన మాత్రమే. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారు, చంటిపిల్లల తల్లులు కూడా వెళ్లి హిమాలయ శిఖరాలను చూడగల చోట్లు మన దేశంలో ఎన్నో లేవు. వాతావరణం అనుకూలిస్తే ఉత్తరాన త్రిశూల్, నందాదేవి, నందాకోట్ వరుసగా దర్శనమిస్తాయి. అందుకు అక్టోబరు, నవంబరు నెలల ఉదయాలు ఉత్తమం. మే, జూన్ మాసాల్లో జనం ఎక్కువ, మంచుకొండలు తక్కువ. ధూళి పొర వాటిని కప్పేస్తుంది.

ఇంతవరకు ఏ పర్యాటక కరపత్రమైనా చెప్పేదే. ఆ పెట్టె ఏ వాలు మీదుగా పైకి సాగుతున్నదో మాత్రం చాలా కరపత్రాలు చెప్పవు. ఆ కొండ పేరు షేర్ కా డాండా. 1880 సెప్టెంబరు 18న దానిలో ఒక భాగం ఊరి మీద కూలి 151 మంది మరణించారు. సరస్సు ఉత్తరపు కొసన నేడు పిల్లలు క్రికెట్ ఆడుకునే ‘ఫ్లాట్స్’ మైదానం ఆనాటి శిథిలాలతో విస్తరించినదే.

రెండు విడతల విపత్తు

ఆ వారం కుండపోత వాన ఎడతెగక కురిసింది. శనివారం ఉదయం కొండ నుంచి ఒక చిన్న భాగం జారి విక్టోరియా హోటల్ ఆవరణపై పడింది. శిథిలాల కింద చిక్కుకున్నవారిని వెలికితీయడానికి అధికారులు, సైనికులు, కూలీలు పరుగున చేరుకున్నారు. వారంతా పనిలో మునిగి ఉండగా మధ్యాహ్నం అసలు చరియ కదిలింది. హోటల్, కింద ఉన్న దుకాణం, సరస్సు ఒడ్డున ఉన్న సభాభవనం, నైనాదేవి ఆలయం కొన్ని క్షణాల్లోనే తుడిచిపెట్టుకుపోయాయి. మృతుల్లో 108 మంది భారతీయులు, 43 మంది ఐరోపా, ఆంగ్లో ఇండియన్ వర్గాలవారు. ఇతరులను కాపాడబోయి ప్రాణాలు కోల్పోయినవారు వారిలో ఎందరో ఉన్నారు.

తరువాతి కాలంలో పులుల వేటగాడిగా, రచయితగా ప్రసిద్ధుడైన జిమ్ కార్బెట్‌కు అప్పటికి ఐదేళ్లు. ఆయన కుటుంబం ఆ విపత్తు తరువాత సరస్సుకు ఆవలి వైపున్న అయార్‌పాటా కొండపై ఇల్లు కట్టుకుని అక్కడికి మారిపోయింది. గర్నీ హౌస్ అని పిలిచే ఆ ఇల్లు నేటికీ ఉంది. ఇది భయంతో చేసిన పనిగా కనిపించవచ్చు కాని, ఆ ఎంపికకు నేల స్వభావమే ఆధారమని చెప్పాలి.

రెండు కొండలు, రెండు రాళ్లు

నైనీతాల్ సరస్సు ఒక భూభ్రంశ రేఖ మీద ఏర్పడింది. ఆ రేఖకు ఇరువైపులా ఉన్న రాయి ఒకటి కాదు. షేర్ కా డాండా వైపు ప్రధానంగా పలకరాయి ఉంది. మార్కాపురం పలకలపై అక్షరాలు దిద్దిన తరంవారికి ఆ రాయి పొరలుగా ఎలా విడివడుతుందో వేరే చెప్పనక్కరలేదు. హిమాలయాల ఒత్తిడికి ఆ పొరలు నలిగి, చిట్లి ఉన్నాయి. వాటిపై పూర్వం జారిపడిన మట్టి, రాళ్లు దట్టంగా పేరుకున్నాయి. వాననీరు లోనికి ఇంకితే మట్టి బరువు పెరుగుతుంది, పొరల మధ్య నీటి ఒత్తిడి హెచ్చి పట్టు సడలుతుంది. ఆపై వాలు తన బరువుకు తానే జారుతుంది.

అయార్‌పాటా వైపు సున్నపురాయి, డోలమైట్ ఎక్కువ. ఇది గట్టిది. అయితే నీరు దీన్ని మెల్లగా కరిగిస్తుంది, లోపల పగుళ్లు, గుహలు ఏర్పడతాయి. ఈ వైపున ఉన్న సూఖాతాల్ అనే పల్లం ఏడాదిలో అధికభాగం ఎండి ఉంటుంది. వర్షాకాలంలో అక్కడ చేరిన నీరు నేలలోకి ఇంకి, భూగర్భ మార్గాల గుండా నైనీ సరస్సును చేరుతుంది. పట్టణం తాగేది ఆ సరస్సు నీటినే.

అందువల్ల ఒకే ఊరిలో రెండు కొండల అవసరాలు పరస్పర విరుద్ధమైనవి. ఒకచోట వాననీరు నిలవకుండా త్వరగా దిగిపోవాలి. మరొకచోట అది నెమ్మదిగా ఇంకాలి. మొదటిదానికి బ్రిటిష్ పాలకులు పరిష్కారం చూశారు. 1880 తరువాత వాలుకు అడ్డంగా, నిలువుగా రాతికట్టు కాలువల వ్యవస్థను విస్తృతంగా నిర్మించారు. స్థానికులు వీటిని నాలాలంటారు. నేటికీ అవే ఈ కొండకు రక్షణ. కానీ వాటిలో చెత్త, ఇళ్ల నిర్మాణ వ్యర్థాలు పూడుకుంటే నీరు గట్టు దాటి మళ్లీ మట్టిలోకే దిగుతుంది. పూడుకోకపోతే ఆ చెత్త నేరుగా సరస్సులోకి చేరుతుంది. రెండవదానికి ఏ కట్టడమూ అవసరం లేదు, కట్టకుండా ఉండటమే అవసరం. అదే కష్టమైన పని. ఇంకుడు నేలపై కాంక్రీటు పరచుకుంటున్న కొద్దీ వేసవిలో సరస్సు మట్టం పడిపోతుంది. 2017 వేసవిలో నీరు వెనక్కి తగ్గి అడుగున ఉన్న ఒండ్రు విస్తారంగా బయటపడింది.

నైనీతాల్ చరిత్రకారుడు అజయ్ సింగ్ రావత్ వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. పట్టణ పరిధిలో బహుళ అంతస్తుల భవనాలను నిషేధించాలని, మురుగు సరస్సులో చేరకుండా చూడాలని అది ఆదేశించింది. రోప్‌వే పెట్టెలోంచి కిందికి చూసేవారు ఆ తీర్పు ఎంతవరకు అమలైందో తమ కళ్లతోనే అంచనా వేసుకోవచ్చు.

గట్టి రాయి అనుకున్న వైపు కూడా నిశ్చింత లేదు. అయార్‌పాటాపై ఉన్న టిఫిన్ టాప్ నడిచి వెళ్లేవారికి ఇష్టమైన చోటు. అక్కడ డొరోతీ కెల్లెట్ అనే ఆంగ్ల చిత్రకారిణి స్మృతిగా కట్టిన రాతి అరుగు ఉండేది. దాని కింద పగుళ్లు కొన్నేళ్లుగా కనిపిస్తూనే ఉన్నాయి. 2024 ఆగస్టులో వానల వేళ ఒక రాత్రి అది కూలిపోయింది. రాత్రి కావడం వల్ల ఎవరికీ ప్రాణహాని జరగలేదు. అదే పర్యాటకుల కాలంలో, ఒక మధ్యాహ్నం పూట జరిగి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

నడిచి దిగితే

తెలుగు రాష్ట్రాల నుంచి వెళ్లేవారు ఢిల్లీ మీదుగా కాఠ్‌గోదాం వరకు రైలులో వెళ్లవచ్చు. అక్కడి నుంచి సుమారు 35 కిలోమీటర్ల ఘాట్ రోడ్డు. వర్షాకాలంలో ఈ దారిపై చరియలు పడుతుంటాయి కనుక జులై, ఆగస్టు ప్రయాణాలు మానుకోవడం మంచిది. వేసవి సెలవుల్లో కార్ల రద్దీ వల్ల వాహనాలను ఊరి బయటే ఆపివేయడం కూడా సాధారణమే.

రోప్‌వేలో ఎక్కినవారు వీలైతే దిగేటప్పుడు నడవాలి. మల్లీతాల్ వరకు సుమారు రెండు కిలోమీటర్ల దారి, అంతా దిగుడే. మలుపు మలుపునా రాతికట్టు నాలాలు కనిపిస్తాయి. కొన్ని శుభ్రంగా, మరికొన్ని ప్లాస్టిక్ సీసాలతో నిండి ఉంటాయి. కొత్తగా లేచిన గోడల పక్కన, ఏళ్లనాటి నాచు పట్టిన పాత రాళ్లను గుర్తుపట్టడం తేలికే. కిందికి చేరాక ఫ్లాట్స్ దాటితే నీటిని ఆనుకుని నైనాదేవి ఆలయం వస్తుంది. 1880లో కూలిన గుడి స్థానే మూడేళ్ల తరువాత తిరిగి నిర్మించినది అదే. దాని ప్రాంగణంలో నిలబడి వెనుదిరిగి చూస్తే, ఇందాక పైకి తీసుకువెళ్లిన రోప్‌వే తీగలు, వాటి వెనుక షేర్ కా డాండా వాలు కనిపిస్తాయి.